మా హైస్కూల్ పిల్లలు నాన్నల ఆరోగ్యం మీద ప్రచారం పెడతామంటున్నారు, ఏది చేయొచ్చు, ఏది వద్దో చెప్పండి

సైన్స్‌టీచర్_తణుకు
నమస్తే అందరికీ. తణుకు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నవంబర్ 19 అంతర్జాతీయ పురుషుల దినోత్సవం కదా (1999లో ట్రినిడాడ్‌లో మొదలైంది), ఆ వారమంతా మగవాళ్ల ఆరోగ్యం మీద ప్రచారం చేస్తామని మా తొమ్మిది, పది తరగతుల పిల్లలు హెడ్మాస్టర్ గారిని అడిగి ఒప్పించారు. ఎవరో చెప్పి చేయిస్తున్నది కాదు. ఎండాకాలంలో మా పదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చింది. లారీ నడుపుతారాయన, వయసు నలభై పైన, అంతే. ఆసుపత్రిలో చూస్తే బీపీ విపరీతంగా ఉంది, ఎప్పటి నుంచి ఉందో ఆయనకే తెలీదు, ఎందుకంటే జన్మలో ఒక్కసారి కూడా చూపించుకోలేదు. ఆ అబ్బాయి, వాడి స్నేహితులు కలిసి పట్టుకున్న పని ఇది.

ర్యాలీ, వ్యాసరచన, చార్టులు, ఓ చిన్న నాటిక, ఇంటింటి సర్వే అని రాసుకొచ్చారు. సర్వే కాగితంలో "మీ నాన్న మందు తాగుతారా, వారానికి ఎన్నిసార్లు" లాంటి ప్రశ్నలున్నాయి, అవి చూశాక నాకు కొంచెం భయమేసింది. ఈ పనులు తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లకుండా దీన్ని దారిలో పెట్టాలి, చెప్పండి.

పల్లెదవాఖానా_సిస్టర్
మేడమ్, ముందు ఆ సర్వే కాగితం పక్కన పెట్టేయండి. పిల్లాడు నిజం రాస్తాడు, క్లాస్ లీడర్ చదువుతాడు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, రాత్రికి ఆ పిల్లాడికి ఇంట్లో దెబ్బలు పడతాయి. నాన్న తాగే సంగతి పిల్లల చేత రాయించడం ఏ రకంగానూ మంచిది కాదు. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తీసుకుంటారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది, కొత్తగా మనం కనిపెట్టేది ఏమీ లేదు.

అడగాల్సింది ఒకటే ప్రశ్న. "మీ నాన్న బీపీ, షుగర్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?" ఎప్పుడూ లేదు అని వస్తే ఎలా తీసుకురావాలో ఆలోచించండి, అయిపోయింది.

ఎందుకంటే మా దగ్గర అసలు కష్టం అదే. 30 దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వమే ఉచితంగా చేస్తుంది, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఫారం నింపుతుంది. కానీ ఆమె వచ్చేది పగలు. ఆ టైముకి ఆడవాళ్లు దొరుకుతారు, మగవాళ్లు పొలంలోనో, ఆటో స్టాండులోనో, హమాలీ పనిలోనో ఉంటారు. నా రిజిస్టర్‌లో ఆడవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి, మగవాళ్లవి మధ్యమధ్యలో ఖాళీలే.

ఖమ్మం_నాన్న
సిస్టర్ చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నేను మార్కెట్ యార్డులో పనిచేస్తా. మాకు ఆరోగ్యం మీద పట్టింపు లేదని అందరూ అంటరు గానీ, దవాఖానా తెరిచి ఉండే టైము, మా పని టైము ఒకటే. పొద్దున పోయి లైన్ల నిలబడితే ఆ రోజు కూలి పోతది. నొప్పి లేని రోగానికి ఎవరు కూలి పోగొట్టుకుంటరు చెప్పండి. పిల్లలు ఎంత మంచి నినాదాలు రాసినా మా టైముకి రాకపోతే లాభం లేదు. ఆదివారం పొద్దున, లేకుంటే సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, అప్పుడు మస్తు మంది వస్తరు.

సర్జరీ_పీజీ
మంచి పని. నాదొక్క విన్నపం. నాన్నల గురించి సరే, ఆ క్లాసుల్లో కూర్చున్న అబ్బాయిల గురించి కూడా ఒక్క గంట కేటాయించండి.

వృషణం మెలిపడటం అనే ప్రమాదం ఉంది. వృషణానికి రక్తం తీసుకెళ్లే రక్తనాళం తాడులా మెలి తిరిగి రక్తం ఆగిపోతుంది. ఏ వయసులోనైనా రావచ్చు కానీ ఎక్కువగా చూసేది 12 నుంచి 18 ఏళ్ల మధ్య, అంటే సరిగ్గా మీ క్లాసుల్లోనే. ఆటలో దెబ్బ తగలక్కర్లేదు, నిద్రలో కూడా రావచ్చు. ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, ఒకవైపు వాపు, వాంతులు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దాదాపుగా కాపాడొచ్చు, ఒక రోజు దాటితే చాలావరకు తీసేయాల్సిందే.

క్యాజువాల్టీలో ఇలాంటి కేసు వచ్చినప్పుడల్లా వెనక కథ ఒకేలా ఉంటుంది. అబ్బాయి సిగ్గుపడి అమ్మతో "కడుపునొప్పి" అంటాడు. అమ్మ వాము నీళ్లు ఇస్తుంది, గ్యాస్ మాత్ర ఇస్తుంది, పడుకోమంటుంది. తెల్లారాక ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కడ ఇంజెక్షన్. నొప్పి ఎక్కడో అసలు మాట చెప్పేసరికి సాయంత్రం అవుతుంది. (ఒక్కోసారి నొప్పి నిజంగానే పొత్తికడుపులో కూడా తెలుస్తుంది, అందుకే డాక్టర్లం కూడా బట్టలు తీయించి చూడకుండా పంపకూడదు.) ఆ పిల్లాడికి ముందే ఎవరో ఒక్క మాట చెప్పి ఉంటే నేరుగా ఆసుపత్రికి వచ్చేవాడు. ఆ ఒక్క మాట చెప్పగలిగింది స్కూలే.

తల్లి_గుంటూరు
డాక్టర్ గారూ, మీరు చెప్పింది అర్థమైంది కానీ అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి చదివే స్కూల్లో ఈ మాటలు అందరి ముందూ ఎలా మాట్లాడతారు? నాకూ తొమ్మిదో తరగతి చదివే బాబు ఉన్నాడు. రేపు తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తే టీచరమ్మ ఒక్కరే మాట పడాలి.

సర్జరీ_పీజీ
అమ్మా, అందరి ముందూ వద్దు. అబ్బాయిలను విడిగా కూర్చోబెట్టి, వీలైతే మగ డాక్టరో, పీఈటీ సారో, అరగంట చెబితే చాలు. ఆడపిల్లలకు నెలసరి గురించి విడిగా చెప్పే పద్ధతి స్కూళ్లలో వచ్చింది కదా, అలాగే ఇది. మీ బాబుకి మీరే ఇంట్లో చెప్పినా మంచిదే. "అక్కడ నొప్పి వస్తే అర్ధరాత్రైనా నన్ను లేపు, నేను తిట్టను" అంటే చాలు, శరీరశాస్త్రం పాఠం అక్కర్లేదు.

అదే అరగంటలో ఇంకో విషయం కూడా. వృషణాల క్యాన్సర్ అరుదే, కానీ వచ్చిందంటే 15 నుంచి 40 లోపు కుర్రాళ్లకే ఎక్కువ. నొప్పి లేని గట్టి గడ్డ చేతికి తగిలితే చూపించుకోవాలి. త్వరగా పట్టుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. పిల్లలకు యువరాజ్ సింగ్ గురించి చెప్పండి, టక్కున ఎక్కుతుంది. ఆయనకి వచ్చిన గడ్డ ఊపిరితిత్తుల మధ్యలో, కానీ అది ఇదే జాతి కణాల నుంచి పుట్టే క్యాన్సర్. 2011 ప్రపంచ కప్‌లో దగ్గుతూ, రక్తం పడుతున్నా ఆడి మ్యాన్ ఆఫ్ ది టోర్నమెంట్ అయ్యాడు. 2012లో అమెరికా వెళ్లి ఇండియానాపోలిస్‌లో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ దగ్గర కీమో చేయించుకున్నాడు. 1970ల్లో సిస్‌ప్లాటిన్ అనే మందుతో ఈ జబ్బు వైద్యాన్నే మార్చేసిన డాక్టర్ ఆయన. ఆ ఏడాదే యువరాజ్ మళ్లీ టీ20 ప్రపంచ కప్‌లో దిగాడు.

టెన్త్_వెనకబెంచీ
నేను టీచర్ గారి స్కూల్ కాదు, వేరే జిల్లా. మాకు ఎనిమిదో తరగతిలో పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు సార్ "ఇది ఇంట్లో చదువుకోండి" అని తర్వాతి పాఠానికి వెళ్లిపోయారు. పైన డాక్టర్ గారు రాసింది ఇప్పుడే మొదటిసారి చదివాను. మా గ్రూప్‌లో పెట్టాను, పది నిమిషాల్లో ముగ్గురు విడిగా మెసేజ్ చేసి డౌట్లు అడిగారు. అందరి ముందూ నవ్వినవాళ్లే.

పళ్లడాక్టర్_విశాఖ
గుట్కా, ఖైనీ ముచ్చట ఎవరూ ఎత్తలేదేంటి? 2016-17 జాతీయ పొగాకు సర్వేలో దేశంలో 42 శాతం మగవాళ్లు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. చార్ట్ మీద పుర్రె బొమ్మ గీస్తే ఎవడూ మానడు. పిల్లల చేత చిన్న పరీక్ష నేర్పించండి. నోరు పూర్తిగా తెరిచి, మీ మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా పళ్ల మధ్య పెట్టండి. మూడూ పట్టాలి. రెండే పడుతున్నాయంటే లోపల చర్మం తాడులా గట్టిపడుతూ ఉండొచ్చు, గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లలో ఇది మామూలు. అంతకంటే ముందే వచ్చే గుర్తు కారం తింటే మంట. చిన్నప్పటి నుంచి గొడ్డుకారం తిన్న మనిషి "ఈ మధ్య పప్పులో పచ్చిమిర్చి కూడా తినలేకపోతున్నా" అన్నాడంటే భార్యకి తెలుస్తుంది, పిల్లలకి తెలుస్తుంది, అతను మాత్రం పట్టించుకోడు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, వీటిలో ఏది ఉన్నా చూపించాలి.

మా ఉత్తరాంధ్ర తీరంలో అయితే అడ్డపొగ ఉంది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అది ఆడవాళ్లలోనే ఎక్కువ, అంగిలి మీద క్యాన్సర్ వస్తుంది. కాబట్టి అటువైపు స్కూళ్లు చేస్తే నాయనమ్మల నోరు కూడా చూడండి.

ఇంకోటి, స్కూలుకి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టంలోనే ఉంది. పిల్లలు టేపు పట్టుకుని కొలిచి హెడ్మాస్టర్ గారి చేత పంచాయతీకి కాగితం పెట్టించవచ్చు. కొట్టువాడితో పిల్లలు నేరుగా గొడవపడొద్దు.

మెల్‌బోర్న్_అమ్మ
మా వాడి స్కూల్లో ప్రతి నవంబర్ ఇదే సందడి, మొవెంబర్ అంటారు. ఇక్కడే మెల్‌బోర్న్‌లో 2003లో 30 మంది స్నేహితులు మీసాలు పెంచడంతో మొదలైంది, మరుసటి ఏడాది ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ సంస్థకి 54 వేల డాలర్లు పోగుచేశారు. మీసం ఎందుకంటే, కొత్తగా మీసం చూసి ఎవరో ఒకరు "ఏంటిది" అని అడుగుతారు, అడిగితే ఆరోగ్యం మాట ఎత్తొచ్చు. మన దగ్గర మీసం మామూలే కాబట్టి అది పనిచేయదు. కానీ మాట ఎత్తడానికి ఒక సాకు కావాలనేది నిజం. ఇక్కడ తెలుగు నాన్నలు కూడా ఏమీ తేడా లేదు, కొడుకు స్కూల్ కాగితం తెచ్చి ముందు పెడితేనే మా ఆయన 50 దాటాక మొదటిసారి డాక్టర్‌తో ప్రోస్టేట్ గురించి మాట్లాడారు. రాత్రి మూత్రానికి నాలుగైదు సార్లు లేస్తున్నా వయసు అనుకుని ఊరుకున్నారు అప్పటిదాకా.

సెలూన్_మిత్ర
అమెరికా లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి మగవాళ్ల కోసం మంగలి షాపుల్లోనే బీపీ వైద్యం చేశారు, 2018లో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. ఫార్మసిస్టు షాపుకే వచ్చి చూసి మందులిచ్చిన చోట ఆరు నెలల్లో పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది, డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని చెప్పి ఊరుకున్న చోట 9 మాత్రమే. మగవాళ్లు ఎక్కడ కూర్చుంటారో అక్కడికే వెళ్లాలి. మనకి సెలూన్, టీ కొట్టు, ఆటో స్టాండ్, గుడి అరుగు. స్కూల్ ఆవరణలో సభ పెడితే అమ్మలే వస్తారు.

పల్లెదవాఖానా_సిస్టర్
బాగా చెప్పారు. కానీ టీ కొట్టు దగ్గర ఒక చిక్కుంది. టీ, కాఫీ తాగినా సిగరెట్ కాల్చినా అరగంట దాకా బీపీ చూడకూడదు, ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి టీ చేతికి రాకముందే కూర్చోబెట్టండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపుకి ఆనుడు ఉండాలి, కాళ్లు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అది బిగుసుకుని అంకె తప్పు వస్తుంది, చెయ్యి బయటికి తీయించి కట్టండి. చూస్తున్నంత సేపు ఆయన్ని మాట్లాడించొద్దు, మనవాళ్లకి ఇదే కష్టం. నిమిషం ఆగి రెండోసారి చూడండి.

140/90 దాటితే పిల్లలు "మీకు బీపీ ఉంది" అనకూడదు. "ఇంకోసారి చూపించుకోండి" అని క్లినిక్ చీటీ ఇవ్వాలి, ఒక్కసారి చూసినదానితో జబ్బు తేల్చరు. 180/120 పైన ఉండి ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క బలహీనం లాంటివి ఉంటే 108కి ఫోన్. అందుకే పెద్దవాళ్లు, మీ ఊరి ఏఎన్‌ఎం గానీ ఎంఎల్‌హెచ్‌పీ (ఊరి క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారి) గానీ పక్కన లేకుండా మెషిన్ బయటికి తీయొద్దు.

కవిటి_కొబ్బరితోట
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా వైపు ఇలాంటి ప్రచారం చేస్తే మొదట కిడ్నీలే. తోటల్లో, జీడి మామిడి పనుల్లో ఎండలో కష్టపడే మగవాళ్లే ఎక్కువ పడిపోతున్నారు, షుగర్ ఉండదు, బీపీ ఉండదు, ఒంట్లో ఏమీ తెలియదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూసేసరికి డయాలసిస్ దాకా వచ్చి ఉంటుంది. ఎన్నేళ్ల నుంచి పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణం అని ఖరారు కాలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, అంతకుముందు విశాఖ పరుగెత్తేవాళ్లం. మా పిన్నమ్మ కొడుకు రోజూ పని అయ్యాక ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో మాత్ర కొని వేసుకునేవాడు, నీళ్లు సరిగ్గా తాగకుండా ఎండలో ఉండి నొప్పి మాత్రలు మింగితే కిడ్నీకి దెబ్బ అని వాడికి ఎవరూ చెప్పలేదు. పిల్లల చార్టుల్లో ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో రాయించండి మేడమ్, మీ గోదావరి వైపు వరి కోతల కూలీలకీ పనికొస్తుంది.

కౌన్సెలర్_వరంగల్
శరీరం గురించి ఇంత రాశారు, మనసు గురించి కూడా ఉండాలి. మన దేశంలో ఆత్మహత్యతో చనిపోయే ప్రతి 100 మందిలో దాదాపు 72 మంది మగవాళ్లు, 2022 జాతీయ నేర గణాంకాల్లో ఉంది. అందులో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలు. అప్పు, పంట, ఉద్యోగం, ఇంట్లో గొడవ, ఏదైనా సరే మగవాడు నోరు విప్పడు. మాట్లాడటం మానేయడం, చిన్నదానికే చిరాకు, నిద్ర పట్టకపోవడం, తాగుడు ఒక్కసారిగా పెరగడం, ఇవన్నీ గుర్తులే. నాటికలో ఎవరూ చనిపోయినట్టు చూపించొద్దు, చూసే పిల్లల్లో ఎవరింట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. ఒక స్నేహితుడు ఇంకొకడిని అడిగినట్టు, అతను చెప్పినట్టు, ఇద్దరూ కలిసి ఫోన్ చేసినట్టు చూపించండి. టెలీ మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ నాటికలో నటులే పదేపదే అనాలి.

మరో మాట. ఇంట్లో పరిస్థితి సరిచేసే బాధ్యత పిల్లల మీద వేయకండి. "నాన్నని మార్చు" అని కాదు, "నీకు భయంగా ఉంటే ఎవరితో చెప్పాలి" అనేది చెప్పండి. వాళ్లకి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

చదువరి_నెల్లూరు
అన్నీ మగవాళ్లకేనా? మా అమ్మకి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, అయినా ముందు అందరికీ వండిపెట్టి చివర్లో మాత్ర వేసుకుంటుంది. ఆడవాళ్ల ఆరోగ్యం బాగుపడిపోయిందా?

సైన్స్‌టీచర్_తణుకు
లేదండీ, మీరన్నది న్యాయమే. మెషిన్ దగ్గరికి వచ్చిన అమ్మలను వెనక్కి పంపేది లేదు. మా ఐరన్ మాత్రలే చూడండి, వారానికొకటి అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఇస్తాం, కానీ అది అమ్మాయిల మాత్ర అని అబ్బాయిలు బెంచీ కింద పడేస్తారు. 15 నుంచి 19 ఏళ్ల అబ్బాయిల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. ఎవరిది ఎక్కువ కష్టం అని పోటీ పెట్టడం కాదు, ఇటువైపు ఎవరూ చూడటం లేదు కాబట్టి పిల్లలు చూస్తున్నారు. చెప్పాలంటే మా బృందంలో అమ్మాయిలే ముందున్నారు, కూతురు చెయ్యి పట్టుకుని లాక్కొస్తే కాదనే నాన్న ఇంకా కనపడలేదు.

సర్వే తీసేశాం. ర్యాలీ కూడా తగ్గించాం. మిగతాది చేసి వచ్చి రాస్తాను.

సైన్స్‌టీచర్_తణుకు
అందరికీ చెప్పాలి, అయ్యింది. ఆదివారం పొద్దున్నే రామాలయం అరుగు మీద బల్ల వేశాం, పక్కనే సెలూన్, ఎదురుగా టీ కొట్టు. టీ కొట్టాయన్ని పిల్లలే వెళ్లి అడిగారు, "బాబాయ్, బీపీ చూసుకున్నాకే టీ ఇవ్వండి" అని, ఆయన నవ్వి ఒప్పుకుని తనే మొదట కూర్చున్నారు. చెయ్యి ఎత్తు సరిపోక ఒక అమ్మాయి తన సోషల్, సైన్స్ పుస్తకాలు రెండూ కింద పెట్టింది. ఏఎన్‌ఎం గారు పక్కనే ఉండి చూశారు. మాట్లాడొద్దంటే మాత్రం ఎవరూ వినలేదు, ధాన్యం రేటు దగ్గర మొదలై ఎక్కడికో పోయేవాళ్లు, పిల్లలు నోటి మీద వేలు పెట్టి చూపించేవాళ్లు.

చాలామందికి చీటీలు ఇవ్వాల్సి వచ్చింది. ఒకాయనకి అంకె చాలా ఎక్కువ వచ్చింది, తలనొప్పి కొన్ని రోజులుగా ఉందన్నారు, ఏఎన్‌ఎం గారు అప్పటికప్పుడు తణుకు ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. ఆయన కూతురు మా తొమ్మిదో తరగతి, సైకిల్ అక్కడే వదిలేసి నాన్న బండెక్కి వెళ్లింది. ఇప్పుడు మందులు వాడుతున్నారు. మూడు వేళ్ల పరీక్ష పిల్లలకి ఆటలా అయిపోయింది, ఊళ్లో కనపడినవాళ్లందరి చేతా నోరు తెరిపిస్తున్నారు. అబ్బాయిల అరగంట మా పీఈటీ సార్, పీహెచ్‌సీ డాక్టర్ గారు తీసుకున్నారు. ప్రశ్నలు కాగితాల మీద పేరు లేకుండా రాయించి డబ్బాలో వేయించారు, డబ్బా నిండింది. గొడవకి ఎవరి తల్లిదండ్రులూ రాలేదు, ఒక నాన్న మాత్రం వచ్చి "మా రోజుల్లో ఇవి చెప్పి ఉంటే బాగుండేది" అని వెళ్లారు.

ఖమ్మం_నాన్న
సంతోషం మేడమ్. చీటీ తీసుకున్నోళ్లు క్లినిక్‌కి పోయారా లేదా, అది చూడండి. నేనైతే చీటీ జేబులో పెట్టుకుని మరిచిపోయే మనిషిని.

పల్లెదవాఖానా_సిస్టర్
అదే అడుగుదామనుకున్నా. మందు మొదలుపెట్టినవాళ్లు కూడా నెల తిరిగేసరికి తలనొప్పి తగ్గింది కదా అని మానేస్తారు. బీపీ మాత్ర తలనొప్పికి కాదు, రేపు పక్షవాతం రాకుండా వేసుకునేది అని ఇంట్లో ఎవరో ఒకరు గుర్తు చేస్తూ ఉండాలి. ఉప్పు రోజుకి మనిషికి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూన్ దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఉప్పు చేప అన్నీ ఆ లెక్కలోకే వస్తాయని కూడా చెప్పండి, కూరలో తగ్గించి పచ్చడి రెండుసార్లు వేసుకుంటే ఏం లాభం.

సైన్స్‌టీచర్_తణుకు
నెలకో ఆదివారం అదే అరుగు మీద మెషిన్ పెడదామని పిల్లలు అంటున్నారు. మళ్లీ వచ్చినవాళ్ల అంకెలు పోల్చడానికి ఒక నోట్‌బుక్ పెట్టాలనుకుంటున్నారు, అందులో పేర్లు రాయొచ్చా?

పల్లెదవాఖానా_సిస్టర్
పిల్లల దగ్గర ఉండే పుస్తకంలో పేర్లు వద్దు. ఎవరి అంకె వాళ్ల కార్డు మీదే రాసి వాళ్లకే ఇచ్చేయండి, పోయినసారి కార్డు తెమ్మనండి. అసలు రిజిస్టర్ ఏఎన్‌ఎం గారి దగ్గర ఉంటుంది, క్లినిక్‌కి ఎవరు రాలేదో ఆమే చూసుకుంటారు. పిల్లలు ముందు రోజు సాయంత్రం సెలూన్‌లో, టీ కొట్టులో రేపు ఆదివారం అని చెప్పొస్తే చాలు.